నొక్కినోడిని చూసి నవ్వకండి, పంపినోడిని అడగండి

పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది. మొత్తం చదివే ఓపిక లేకపోతే చివర్లో ఉన్న నాలుగు రూల్స్ అయినా చదివి పోండి. ఓపిక ఉన్నవాళ్లు మొత్తం చదివి, తప్పు అనిపిస్తే కింద తిట్టండి. కొందరికి కోపం వస్తదని తెలిసే రాస్తున్న. అందులో నేను గౌరవించే సీనియర్లు కూడా ఉన్నరు.

స్కాలర్‌షిప్ రెన్యువల్ సీజన్ వచ్చిందంటే మన గ్రూపులల్ల రెండు రకాల మెసేజ్‌లు కనపడతయి. మొదటిది ఏదో ఒక లింకు, లేకపోతే ఫోన్‌ల వేసుకోమని ఒక ఫైలు. రెండోది, వారం తర్వాత వచ్చేది, అది నొక్కి డబ్బులు పోగొట్టుకున్న ఒక పిల్లగాడి మొర. ఆ మొర కింద మనోళ్లు పెట్టే కామెంట్లు చూసిన్రా? "డిగ్రీ చదువుతున్నవ్, గింత తెల్వదా?" "అందుకే మనోళ్లు బాగుపడరు." "అన్‌నోన్ లింక్ నొక్కద్దని చిన్నపిల్లలకు కూడా తెలుసు బ్రో." పక్కన నాలుగు నవ్వు బొమ్మలు.

ఈ పోస్ట్ ఆ కామెంట్ల మీద. నా మాట సూటిగా చెప్తా. దొంగ లింకు మనల్ని ముంచుతున్నది మనకు తెలివి లేక కాదు. అసలు సమాచారం, దొంగ సమాచారం రెండూ ఒకే వేషంల మన దగ్గరికి వస్తున్నయి. ఆ వేషం దొంగకు కుట్టిచ్చింది ఎవరు? లింకులు ఇష్టమొచ్చినట్టు పంపే ఆఫీసులు, కాలేజీలు, గ్రూపు అడ్మిన్లు, మనం. మనం నవ్విన ప్రతి నవ్వు ఇంకో పిల్లగాడి నోరు మూయిస్తది. నోరు మూసుకున్నోడి డబ్బు తిరిగి రాదు. ఎట్లనో కింద చెప్తా.

ముందుగా ఒక మెసేజ్ చదవండి.

"అర్జంట్. ఎస్టీ విద్యార్థులందరు ఈ రోజు సాయంత్రం 5 గంటల లోపు కింది లింకుల ఆధార్ నంబర్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో అప్‌లోడ్ చేయాలి. చేయనివారి స్కాలర్‌షిప్ ఆగితే మా బాధ్యత లేదు. అన్ని గ్రూపులకు షేర్ చేయండి."

దొంగ మెసేజ్ అనుకున్నరా? కాదు. ఇట్లాంటి మాటలతోనే మా హాస్టల్ గ్రూపుల నిజమైన మెసేజ్ వచ్చింది, ఒక ఆఫీసు నుంచి. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను, ఒక్క ఆఫీసు సంగతి కాదు కాబట్టి. అందుల ఉన్నది ఏంది? తొందర పెట్టుడు ఉంది. భయపెట్టుడు ఉంది. ఆధార్ అడుగుడు ఉంది. గూగుల్ ఫారమ్‌కు పోయే పొట్టి లింకు ఉంది. ఎవరు పంపిన్రో సంతకం లేదు, తేదీ లేదు, నోటీసు నంబర్ లేదు. పోలీసులు "మోసపు మెసేజ్‌ను ఇట్లా గుర్తు పట్టండి" అని చెప్పే లక్షణాలు ఎన్ని ఉన్నయో అన్నీ ఇందుల ఉన్నయి. అయినా అది నిజమే. దాన్ని నొక్కి నింపకపోయిన ఇద్దరు పిల్లలు తర్వాత రెండు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగిన్రు.

మరి నొక్కకపోతే స్కాలర్‌షిప్ పోతది, నొక్కితే అకౌంటు ఖాళీ అయితది అన్నప్పుడు ఇరవై ఏళ్ల పిల్లగాడు ఏం చేయాలె? వాళ్ల నాయనను అడుగుదామంటే ఆయన ఫోన్‌ల అక్షరాలు చదవలేడు. అన్న లేడు, ముందు చదివిన మేనమామ లేడు. మన ఇండ్లల్ల చాలామందికి కాలేజీ గడప తొక్కింది మనమే ఫస్ట్. అడ్మిషన్ దోస్త్ సైట్‌ల, స్కాలర్‌షిప్ ఈ-పాస్‌ల, పరీక్ష ఫీజు ఇంకో సైట్‌ల, హాల్ టికెట్ మరో సైట్‌ల. ఊళ్లె చూస్తే రేషన్ కార్డుకు ఈకేవైసీ, గ్యాస్‌కు ఈకేవైసీ, పీఎం కిసాన్‌కు ఈకేవైసీ. మన బతుకంత లింకు మీదికి ఎక్కిచ్చి, ఇప్పుడు "లింకు నొక్కద్దు" అని పోస్టర్ అంటిస్తే ఎట్ల? వాగు మీద బ్రిడ్జి కట్టకుండ "వాగు దాటద్దు" అని బోర్డు పెట్టినట్టుంది.

చదువుకున్నోళ్లు మోసపోరు అనే మాట సంగతి కూడా చూద్దాం.

2000 సంవత్సరం మే నెలల ప్రపంచమంతా ఒక వైరస్ తిరిగింది. దాన్ని ఐ లవ్ యూ వైరస్ అంటరు. ఈమెయిల్‌ల ఒక ప్రేమలేఖ వచ్చినట్టు ఉండేది. తెరిస్తే మన కంప్యూటర్‌ల ఫైళ్లు పాడు చేసి, మన అడ్రస్ బుక్‌ల ఉన్న అందరికీ మన పేరుతోనే మళ్లీ పోయేది. కొద్ది రోజులల్ల లక్షల కంప్యూటర్లకు పాకింది. బ్రిటిష్ పార్లమెంటు ఈమెయిల్ ఆపుకుంది, అమెరికా పెంటగాన్ కూడా ఆపుకుంది. మరి అక్కడ దాన్ని తెరిచినోళ్లు చదువు రానోళ్లా?

ఆ వైరస్ కిటుకులు రెండే. ఒకటి, తెలిసిన మనిషి పేరు మీద రావడం. రెండోది, ఫైలు పేరు. చూడనీకి మామూలు టెక్స్ట్ ఫైలు లాగ కనపడేది, అసలు చివరి అక్షరాలను విండోస్ చూపించేది కాదు. ఆ చివరి అక్షరాలే దాన్ని నడిచే ప్రోగ్రాం చేసినయి. దాన్ని రాసింది ఫిలిప్పీన్స్‌లో ఒక కాలేజీ కుర్రోడు. అప్పుడు ఆ దేశంల దానికి సరైన చట్టమే లేక కేసు నిలబడలేదు. ఇరవై ఐదేళ్లు దాటింది, కిటుకులు మారలేదు. ప్రేమలేఖ పోయి "స్కాలర్‌షిప్ స్టేటస్" వచ్చింది, అంతే.

ఇంకొకటి దగ్గరిది. 2024ల వర్ధమాన్ గ్రూప్ చైర్మన్ ఎస్.పి. ఓస్వాల్ 7 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నడు. పద్మభూషణ్ వచ్చిన పెద్దమనిషి, బట్టల మిల్లుల సామ్రాజ్యం నడిపినోడు. దొంగలు సీబీఐ అధికారులమని చెప్పి, వీడియో కాల్‌లనే సుప్రీంకోర్టు విచారణ నాటకం ఆడి దోచుకున్నరు. ఆయనను ఎవరన్న "గింత తెల్వదా బ్రో" అన్నరా? అనలేదు. ఆయన పోలీసుల దగ్గరికి పోయి జరిగింది చెప్పిండు, పేపర్లకు కూడా దాచకుండ చెప్పిండు. పోలీసులు 5 కోట్లకు పైగా వెనక్కి పట్టుకున్నరు. కోట్లు పోయినాయన సిగ్గుపడకుండ చెప్పగలిగిండు. వేలు పోయిన మన పిల్లగాడు ఎందుకు చెప్పలేకపోతుండు? మన కామెంట్లను అడగండి.

మా హాస్టల్‌ల జరిగింది చెప్తా. ఫస్ట్ ఇయర్ తమ్ముడు, ఏజెన్సీల లోపలి ఊరు. ఎండాకాలం వాళ్ల అమ్మతోని కలిసి తునికాకు కోసిండు. ఒక్కో కట్టకు 50 ఆకులు లెక్కపెట్టి కట్టి, కల్లం కాడ అప్పజెప్పిన డబ్బు, పరీక్ష ఫీజుకు అమ్మ దాచిన డబ్బు అన్నీ కలిపి అకౌంటుల 9 వేల చిల్లర. ఒకరోజు అతనికి ఒక సీనియర్ నంబర్ నుంచి ఫైలు వచ్చింది. పేరు చూస్తే స్కాలర్‌షిప్ లిస్టు. సీనియర్ మంచోడు, అప్లికేషన్ నింపుడుల మస్తు మందికి సాయం చేసినోడు. ఆ ఫైలు పంపింది ఆ సీనియర్ కాదని, ముందురోజే అతని వాట్సాప్ దొంగల చేతులకు పోయిందని ఎవరికి తెలుసు?

తమ్ముడు ఫైలు తెరిచిండు. యాప్ ఇన్‌స్టాల్ అయింది. మెసేజ్‌లు చదవనీకి పర్మిషన్ అడిగితే ఇచ్చిండు, నిజం యాప్‌లు కూడా అడుగుతయి గదా. గవర్నమెంట్ బొమ్మ ఉన్న ఒక పేజీ తెరుచుకుంది. పేరు, ఆధార్, అకౌంటు నంబర్, ఏటీఎం కార్డు నంబర్ నింపమంది. నింపినంక "మీ అప్లికేషన్ పరిశీలనల ఉంది" అని వచ్చింది. రాత్రికి డబ్బులు పోయినయి. ఎవరూ ఫోన్ చేయలేదు. ఎవరూ ఓటీపీ అడగలేదు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీని ఆ యాపే చదివి దొంగకు పంపింది.

మన పోస్టర్లన్నీ ఎనకబడ్డది ఈ ముక్క దగ్గరనే. "ఓటీపీ ఎవరికీ చెప్పద్దు" అని ఏళ్ల నుంచి చెప్తున్నరు. మంచి మాటనే. ఆ తమ్ముడు కూడా ఎవరికీ చెప్పలేదు. దొంగ నోటితో అడిగే కాలం నుంచి ఫోన్‌లనే కూర్చుని చదువుకునే కాలానికి వచ్చిండు, మన జాగ్రత్తలు మాత్రం పాత కాలంలనే ఉన్నయి.

తమ్ముడు నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం సరిగ తినలేదు, క్లాసుకు పోలేదు. ఐదో రోజు రూమ్మేట్లు పట్టి అడిగితే బయటపడ్డది. ముందే ఎందుకు చెప్పలేదంటే అతను అన్న మాట ఒక్కటే: "అందరు నవ్వుతరని." అతను ఈ గ్రూపుల ఉన్నడు. పోయిన ఏడు ఇంకొకరి మొర కింద మన నవ్వు బొమ్మలు చూసిండు. అవి చూసి నేర్చుకున్న పాఠం అది.

ఆ నాలుగు రోజుల విలువ ఎంతనో లెక్క చెప్తా.

డబ్బు పోయిన వెంటనే 1930 నంబర్‌కు ఫోన్ చేస్తే, పోయిన డబ్బు ఏ అకౌంటుకు చేరిందో ఆ బ్యాంకుకు సమాచారం పోయి, దొంగ బయటికి తీయకముందే ఆపే ఏర్పాటు ఉంది. దేశం మొత్తానికి ఒకటే నంబర్. కానీ దొంగ ఆగడు. ఒక అకౌంటు నుంచి ఇంకో అకౌంటుకు, అక్కడి నుంచి ఇంకోదానికి, చివరికి ఏటీఎంల తీసేస్తడు. అందుకే మొదటి గంట గంట కాదు, బంగారం అంటరు. తెలంగాణల 2024ల ఇట్ల ఆపిన డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు వాపస్ ఇప్పిచ్చిన్రు. అంటే తిరిగి వచ్చే దారి ఉంది. ఆ దారి వెంటనే చెప్పినోడికే.

ఇంకొకటి, చాలామందికి తెల్వనిది. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. మన తప్పు లేకుండ, బ్యాంకు తప్పు కూడా కాకుండ, మధ్యల ఎక్కడనో జరిగిన మోసం అయితే, బ్యాంకు నుంచి మెసేజ్ అందిన 3 పని దినాల లోపు చెప్పినోడు ఒక్క రూపాయి కూడా మోయాల్సిన పని లేదు. మన అజాగ్రత్త వల్లనే పోయిందనుకున్నా, మనం బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయే డబ్బుకు బాధ్యత బ్యాంకుది. తప్పు మనదే అని రుజువు చేసే బరువు కూడా బ్యాంకు మీదనే పెట్టింది ఆ సర్క్యులర్. ఇప్పుడు చెప్పండి, నాలుగు రోజులు సిగ్గుతో కూర్చున్న తమ్ముడు ఎంత పోగొట్టుకున్నడు? దొంగ తీసింది కొంత. తిరిగి అడిగే హక్కు పోగొట్టింది మాత్రం మన నవ్వు.

ఇక కోపం వచ్చే మాటలకు వస్తున్న.

ఆఫీసులల్ల, కాలేజీలల్ల ఉన్న పెద్దలను అడుగుతున్న. మీకు సర్కారు సొంత వెబ్‌సైట్లు ఇచ్చింది. నోటీసు ముందుగా అండ్ల పెట్టి, నంబర్ వేసి, తేదీ వేసి, హాస్టల్ నోటీస్ బోర్డు మీద ఒక కాగితం అంటిస్తే ఏం పోతది? ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు ఎవరిదో వ్యక్తిగత అకౌంటుల ఉన్న గూగుల్ ఫారమ్‌ల ఎందుకు అడుగుతున్నరు? వాట్సాప్‌ల "అర్జంట్" అని పడేసి చేతులు దులుపుకుంటే, రేపు దొంగ అదే మాటలతో వస్తడు. మీరు వేసిన బాటలనే వస్తడు. మోసపోయినంక మాత్రం "విద్యార్థులకు అవగాహన లేదు" అని మీటింగ్ పెడతరు, మీటింగ్‌ల ఇంగ్లిష్ స్లైడ్లు చూపిస్తరు, ఫొటో దిగుతరు. అవగాహన మాకు కావాలె, నిజమే. మీకు కూడా కావాలె.

జాబ్ న్యూస్, స్కాలర్‌షిప్ న్యూస్ పేరు మీద చానళ్లు నడిపే అన్నలను అడుగుతున్న. మీరు చేసే పని మంచిది, నాకు కూడా ఉపయోగపడ్డది. కానీ నోటిఫికేషన్ చూద్దామని నొక్కితే ముందు యాడ్ పేజీ, దాని మీద ఇంకో పేజీ, "మీ ఫోన్‌ల 4 వైరస్‌లు ఉన్నయి, ఈ యాప్ వేసుకోండి" అని ఎర్ర బొమ్మ, చివరికి ఎక్కడనో చిన్న అక్షరాలల్ల అసలు లింకు. వ్యూస్‌ల మీద మీకు వచ్చే నాలుగు రూపాయలకు మా జూనియర్ల ఫోన్లు పెట్టుబడినా? ఫోన్‌ల వైరస్ ఉందో లేదో ఒక వెబ్ పేజీ చూసి చెప్పలేదు. ఆ ఎర్ర బొమ్మ చెప్పేది అబద్ధం, అది వేసుకోమనే యాప్‌నే అనుమానించాలె.

చివరికి మనల్ని మనం అడుగుదాం. సీనియర్లు, గ్రూపు అడ్మిన్లు, నాతో సహా డిగ్రీ రెండో ఏడు, మూడో ఏడుల ఉన్నోళ్లం. మనం పంపితే జూనియర్లు నమ్ముతరు. ఊరు నుంచి వచ్చిన తమ్మునికి మన మాట వార్డెన్ మాట కన్న ఎక్కువ. ఆ నమ్మకమే దొంగకు కావాల్సింది. చూడకుండ ఫార్వర్డ్ కొట్టి, కింద "చెక్ చేసుకోండి" అని రాస్తే అయిపోతదా? చెక్ చేయాల్సింది పంపేవాడు. మన ఊళ్లల్ల ఎవరన్న కొత్త మనిషిని ఇంటికి తీసుకొస్తే, ఎవరు, ఎక్కడోడు, ఏ ఇంటోడు అని అడిగేది తీసుకొచ్చినోన్నే. లింకుకు కూడా అదే లెక్క ఉండాలె.

కొందరు అడుగుతరు: "లింకులు ఆపితే లోపలి ఊళ్లోళ్లకు సమాచారం ఎట్ల పోతది? సిగ్నల్ దొరికే గుట్ట మీదికి వారానికి ఒకసారి ఎక్కేటోడు సైట్ పేరు టైప్ చేసుకుంట కూర్చుంటడా?" న్యాయమైన ప్రశ్ననే. సమాచారం ఆపమంటలేను. సమాచారం పంపండి, లింకు పంపకండి అంటున్న. "ఈ-పాస్ సైట్‌ల రెన్యువల్ మొదలైంది, చివరి తేదీ ఇది, ఈ కాగితాలు కావాలె" అని మాటలల్ల రాయండి. మనకు కావాల్సిన సైట్లు అన్నీ కలిపి పది కూడా ఉండవు. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లోళ్ల ఫోన్‌ల, చెల్లె ఫోన్‌ల ఆ సైట్లను బుక్‌మార్క్ చేసి పెట్టి రండి. ఒక్కసారి చేస్తే ఏండ్ల తరబడి పని చేస్తది. తెల్వకపోతే మీసేవకు పొమ్మనండి.

ఇంకొందరు "యాంటీవైరస్ వేసుకుంటే అయిపోయె" అంటరు. ప్లే స్టోర్‌ల ఉండే ప్లే ప్రొటెక్ట్‌ను ఆపకుండ ఉంచుకోండి, ఫోన్ అప్‌డేట్ వస్తే చేసుకోండి, మంచిదే. సర్కారు వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రంల ఉచిత టూల్స్ కూడా ఉన్నయి. కానీ మన చేత్తోనే పర్మిషన్ ఇచ్చినంక ఏ తాళం అయినా ఎంతవరకు ఆపుతది? ఫోన్ అడుగుతది, "ఈ యాప్ బయటి నుంచి వస్తున్నది, వేయాల్నా?" అని. అక్కడ "వద్దు" అనుడే పెద్ద యాంటీవైరస్.

ఇప్పుడు పనికొచ్చే సంగతులు. ఇవి హాస్టల్ గోడ మీద రాసుకోండి.

వెబ్‌సైట్ అడ్రస్ చదువుడు. మన పేర్లల్ల ఇంటిపేరు ముందు ఉంటది. వెబ్‌సైట్‌కు ఇంటిపేరు చివర ఉంటది. అడ్రస్‌ల రెండు గీతల తర్వాత మొదలుపెట్టి, మొదటి ఒంటి గీత వచ్చేదాక చూడండి. అక్కడి నుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకు చదవండి. చివర "జీఓవీ డాట్ ఇన్" ఉంటే అది సర్కారు ఇల్లు, ఆ ఇంటిపేరు సర్కారు సంస్థలకు తప్ప ఇంకెవరికీ ఇయ్యరు. తెలంగాణ ఈ-పాస్ అడ్రస్ "సీజీజీ డాట్ జీఓవీ డాట్ ఇన్" తోని అయిపోతది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ "స్కాలర్‌షిప్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్". ఆంధ్రల జ్ఞానభూమి "ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్" తోని అయిపోతది. దొంగ ఏం చేస్తడంటే, జీఓవీ అనే మాటను ముందటనో మధ్యలనో ఇరికిచ్చి, చివర్ల ఎక్స్‌వైజెడ్, ఆన్‌లైన్, టాప్ లాంటి తోకలు పెడతడు. పేరు సర్కారుది, ఇంటిపేరు దొంగది. ఇంటిపేరే చూడండి. అడ్రస్ ముందట తాళం బొమ్మ ఉంటే అసలుది అని కాదు, మధ్యల ఎవరూ చదవకుండ పోతదని మాత్రమే. దొంగ ఇంటికి కూడా తాళం ఉంటది.

ఏపీకే ఫైలు. ఫైలు పేరు చివర ఇంగ్లిష్‌ల ఏ, పీ, కే అనే మూడు అక్షరాలు ఉంటే అది లిస్టు కాదు, ఫొటో కాదు, పెండ్లి కార్డు కాదు. అది యాప్. మధ్యల పీడీఎఫ్ అని ఉన్నా చివరిదే లెక్క. ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని, బ్యాంకు కేవైసీ అని, పెండ్లి పత్రిక అని ఈ ఫైళ్లు తిరుగుతున్నయని పోలీసులు చాలాసార్లు చెప్పిన్రు. స్కాలర్‌షిప్ లిస్టు కోసం ఏ ఆఫీసూ వాట్సాప్‌ల యాప్ పంపదు. అన్న పంపినా, అమ్మ ఫోన్ నుంచి వచ్చినా వేసుకోవద్దు. ముందు వాళ్లకు ఫోన్ చేసి గొంతు విని అడగండి.

పైసలు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌ల అప్లై చేయనీకి ఫీజు లేదు. డబ్బులు మన అకౌంటుకు రావాలంటే యూపీఐ పిన్ కొట్టే పని లేదు. పిన్ కొట్టినమంటే పోతున్నట్టే.

జరగాల్సింది జరిగిపోతే. ముందుగా ఫోన్‌ల డేటా, వైఫై బంద్ చేయండి. సిమ్ తీసి కీప్యాడ్ ఫోన్‌ల వేయండి, అప్పుడు ఓటీపీలు దొంగ యాప్‌కు దొరకవు. ఆ ఫోన్ నుంచే 1930కి చేయండి, తర్వాత బ్యాంకుకు చేసి కార్డు, యూపీఐ, అకౌంటు ఆపమని చెప్పండి. వాళ్లు ఇచ్చే కంప్లైంట్ నంబర్ రాసుకోండి. కాల్స్ వేరే నంబర్‌కు మళ్లిచ్చి ఉంటయేమో, ##002# కొట్టి తీసేయండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌ల కంప్లైంట్ ఇవ్వండి, దాని ఇంటిపేరు కూడా జీఓవీ డాట్ ఇన్ అనే. వచ్చిన మెసేజ్‌లు, డబ్బు పోయిన ట్రాన్సాక్షన్ నంబర్లు, ఫైలు పంపిన నంబర్ ఇంకో ఫోన్‌తోని ఫొటో తీసి పెట్టుకున్నంకనే ఫోన్ రీసెట్ చేయండి. ముందే రీసెట్ చేస్తే సాక్ష్యం పోతది. వాట్సాప్‌ల లింక్డ్ డివైసెస్ చూసి మనవి కానివి తీసేయండి. ఇవన్నీ అయినంక, మొహమాటం లేకుండ, గ్రూపుల చెప్పండి: "నా నంబర్ నుంచి ఏం వచ్చినా తెరవకండి."

ఆ చెప్పినోడికి మనం ఇచ్చే జవాబు "1930కి చేసినవా? బ్యాంకుకు నేను తోడొస్త" అని ఉండాలె. ఇంకేం ఉండద్దు.

అడ్మిన్ అన్నలకు, అక్కలకు నా విన్నపం ఈ నాలుగు రూల్స్:

1. గ్రూపుల ఏపీకే ఫైలు ఎవరు పెట్టినా వెంటనే డిలీట్. పెట్టిన మనిషికి ఫోన్ చేసి వాట్సాప్ పోయిందేమో అడగాలె.

2. జీఓవీ డాట్ ఇన్ ఇంటిపేరు లేని స్కాలర్‌షిప్, హాస్టల్, ఉద్యోగ లింకు పెట్టద్దు. సమాచారాన్ని సైట్ పేరుతోని, తేదీతోని మాటలల్ల రాయాలె. పెట్టినోడే చెక్ చేసినట్టు, అడిగితే జవాబు చెప్పాలె.

3. ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు అడిగే ఫారమ్ ఏ ఆఫీసు నుంచి వచ్చినా, నోటీసు నంబర్ అడుగుతం. పది మంది విద్యార్థులం సంతకాలు పెట్టి కాగితం మీద రాసి ఇద్దాం. ఒక్కడు అడిగితే గద్దిస్తరు, పది మంది అడిగితే వింటరు.

4. మోసపోయిన మనిషి మీద నవ్వు బొమ్మ పెట్టినోన్ని వారం రోజులు గ్రూపు నుంచి తీసేయాలె.

నాలుగోది చిన్నపిల్లల శిక్ష లాగ ఉందని కొందరు అనచ్చు. ఉండనీయండి. నా లెక్కల నాలుగింటిల అదే ముఖ్యం. మొదటి మూడు దొంగను గడప బయట ఆపుతయి. నాలుగోది గడప దాటినంక కూడా మన పిల్లగాడు నోరు తెరిచి కేకేసేటట్టు చేస్తది.

ఇంకొక్క మాట. ఈ జాగ్రత్తలన్నీ తెలుగుల, ఇంగ్లిష్‌ల రాసి ఉన్నయి. మన ఇండ్లల్ల పెద్దోళ్లు మాట్లాడేది కోయ, గోండి, కొలామి, లంబాడి, సవర. ఆ భాషలల్ల చెప్పే పోస్టర్ నేను ఇంతవరకు ఏ బ్యాంకు గోడ మీద చూడలేదు. వాళ్లు చెప్పేదాక ఆగుదామా? దొంగ ఆగుతలేడు. మీ ఇంటి భాషల రెండు నిమిషాల వాయిస్ రికార్డ్ చేయండి. "ఫైలు వస్తే తెరవద్దు, డబ్బు పోతే వెంటనే 1930కి చెయ్యి, మమ్మల్ని అడగనీకి సిగ్గుపడకు." ఈ మూడు మాటలు చాలు. మీ అమ్మ నమ్మేది మీ గొంతునే.

ఈ పోస్ట్‌ను మాత్రం ఫార్వర్డ్ చేయకండి. సెలవులకు ఊరికి పోయినప్పుడు నోటితో చెప్పండి, ఇంట్లోళ్ల ఫోన్ చేతులకు తీసుకొని చూపిస్తూ చెప్పండి.

జోహార్.